మనకిన్‌కు ఆకులు చల్లని రోజు

మొన్నటిదాకా మహమూదా మధ్యాహ్నం నమాజు కాగానే అన్నం క్యారియర్ పట్టుకుని పిట్టల గదికి పోయేది. మొగుడు దస్తగిర్ తినేదాకా అక్కడే కూర్చునేది. ఇప్పుడదే దారిన బొప్పాయి ముక్కలు మోసుకుపోతోంది.

ఎడారి దేశంలోని ఈ రుస్తాఖ్ తోట యజమానిని అందరూ అర్బాబు అంటారు. ఆయన ఎక్కడో దక్షిణ అమెరికా అడవుల మనకిన్ పిట్టలు తెప్పించుకున్నాడు. పిచ్చుకంత ఒళ్లు, తెల్ల గడ్డం. వాటిని సాకడానికే కడప నుంచి దస్తగిర్ వచ్చాడు. వాటి గది ఏసీ ఆగిందని మిట్టమధ్యాహ్నం రేకులెక్కి, ఎండకు అక్కడే కుప్పకూలి ప్రాణం విడిచాడు. అర్బాబు వచ్చి అడిగిన మొదటి మాట, "ఏసీ నడుస్తోందా?" అని.

మగ మనకిన్ ఆడదాని ముందు ఆడేందుకు నేల మీద చోటు బాగుచేసుకుంటుంది. దస్తగిర్ పొద్దున్నే అక్కడ గుప్పెడు ఎండుటాకులు చల్లేవాడు. అది ఒక్కో ఆకునూ ముక్కుతో అవతల పారేసి, వేరుశనగకాయ చిట్లినట్టు రెక్కలు కొట్టుకుంటూ గంతులేసేది. ఆకులు లేకుంటే కొమ్మ దిగేది కాదు.

"చూడు, పెండ్లాం కోసం వాడెట్ల కసువు చిమ్ముతాండాడో!" అనేవాడు దస్తగిర్.

"నువ్వొక్కనాడన్నా చిమ్మినావా?" అనేది మహమూదా.

మొగుడు పోయాక పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసేదాకా, అతనితో కాపురమున్న గదిలోనే, పరాయి మగవాళ్ల కంటబడకుండా కూర్చోవాలని ఆమె ఆశ. కొత్త మనిషైతే పిట్టలు బెదురుతాయి, ఆమె వాటికి అలవాటు. అందుకే అర్బాబు పెళ్లాం వచ్చీరాని హిందీలో అంది: "పిట్టలు పరాయి మగాళ్లా? నువ్వే చూడు. లేదా గది ఖాళీ చెయ్యి."

మహమూదా ముసుగేసుకుని పిట్టల పని అందుకుంది.

శుక్రవారం విందు. అతిథులకు పిట్ట ఆట చూపించాలట. ఖర్జూరపు చెట్లు చూసే భూమయ్య ఆకుల సంచి తెచ్చి ఆమె గది గడప బయట పెట్టాడు.

"చెల్లె, గివి చల్లకుంటె నిన్ను ఇండియాకు తోలుతరంట."

"ఆయన పోయిన్నాడు విందు ఆపినారా అన్నా?"

భూమయ్య తలెత్తలేదు. "ఆపలే. మ్యాకను కోసిండ్రు."

మహమూదా పిట్టల గదిలో నీళ్లు మార్చింది, బొప్పాయి పెట్టింది, ఏసీ చూసింది. కొమ్మ మీది మనకిన్ ఉత్త నేలను చూసి, ఆమెను చూసింది.

"నీ మీద కోపం లేదురా," అంది.

గేటు దగ్గర కార్లు ఆగుతున్నాయి. ఆమె తన గదిలోకి పోయి తలుపేసుకుంది. గడప బయట ఆకుల సంచి మూతి కట్టినట్టే ఉంది.