పేపర్లో గొర్రెలు లేవు

పాలమూరు బస్టాండు ముందు మేం నలుగురం కర్రలతో బస్సును అడ్డగించామని పందొమ్మిది వందల అరవైల్లో ఒక పత్రిక రాసింది. ఆ వార్త తలచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను పదో తరగతి, హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ణి. సంతకు ముందునాటి సాయంత్రం మా బాపు కోస్గి వైపునున్న మా ఊరి నుంచి అరవై గొర్రెలను నడిపించుకుని వచ్చాడు. వాటిని బస్టాండు రోడ్డు దాటించడం ఒక్కడి వల్ల కాదు. బడి వదలగానే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లాను. ముగ్గురూ టౌనులో పుట్టి పెరిగినవాళ్లే, గొర్రెను ముట్టుకోవడం అదే మొదలు. బాపు తలా ఒక కర్ర ఇచ్చి, ఈల ఎలా వేయాలో చూపించాడు. మంద బెదిరి రోడ్డుకు అడ్డం తిరిగింది. బస్సు ఆగింది. పావుగంటలో అవతలికి తోలాం. అంతే జరిగింది.

మూడో రోజు పేపర్లో 'పట్టణంలో పెట్రేగిన కుర్రకారు' అని పడింది. బిగుతు ప్యాంట్లట, నుదుటి మీద జుట్టట, చేతుల్లో కర్రలట, బస్సులోని ఆడవాళ్లను చూసి ఈలలట. సినిమాలు చూసి టౌను పిల్లలు పాడైపోతున్నారని చివర్లో ఒక నీతిబోధ. నా ప్యాంటు బిగుతే. రెండేళ్ల కిందట కుట్టించింది, నేను పెరిగాను, అది పెరగలేదు. రాసిన పెద్దమనిషి ఆ బస్సులోనే కూర్చుని ఉన్నాడట. దిగి ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా? టౌను పిల్లలంటే ఈ పేపర్ల వాళ్ల దగ్గర ఒకటే బొమ్మ ఉంటుంది. ఎవరు కనిపించినా దాంట్లోనే కుక్కుతారు.

ఆ నలుగురిలో నేనున్నానని తెలిసి, బాపును తీసుకురాకపోతే పెట్టె సర్దుకొమ్మన్నాడు వార్డెన్. హాస్టలు పోతే నా చదువు పోయినట్టే.

బాపు వచ్చాడు. వరండాలో నిలబడి ఆ వార్త నాతో చదివించుకున్నాడు. చివరిదాకా విని, "మల్ల గొర్లేవిరా?" అన్నాడు.

"రాయలేదు బాపు."

"అరవై గొర్లు ఆయన కండ్లవడలేదా?"

లోపలికి వెళ్లి వార్డెన్‌కు గొర్రెల సంగతి చెప్పాడు. "కర్రలు నేనే ఇచ్చిన సారూ, గొర్లు తోలనీకి."

"గొర్లుంటే పేపర్ల రాయకుంటరా?" అన్నాడు వార్డెన్.

ఇకమీదట మా వాడు కర్ర పట్టడని నాచేతే కాగితం రాయించి, బాపుతో వేలిముద్ర వేయించాడు. నాకు సీటు దక్కింది. ఏ తప్పూ చేయని మనిషి బొటనవేలి సిరాను ధోవతికి తుడుచుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

వేసవి సెలవులకు ఇంటికి వెళ్లాను. పొద్దున్నే బాపు మందను బయటికి వదులుతుంటే, అలవాటుగా మూలనున్న కర్ర అందుకున్నాను. బాపు దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"వద్దు బిడ్డా. ఏలిముద్ర పెట్టిన."