కర్రిగాడిని కడపలో పరీక్షకు తీసుకుపోయిన సంగతి

మాది ఓర్వకల్లు. గొర్రెల కుక్కను వెంటబెట్టుకొని కడప దాకా పోవలసిన పని మీలో కొందరికి పడవచ్చు, అందుకే ఇది రాస్తున్నాను. నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి. జపాను విమానాలు మన వైపు కూడా వచ్చి బాంబులు వేస్తాయేమోనని కడప రైలు స్టేషను దగ్గర ఒక దళాన్ని తయారుచేస్తున్నారు, దాన్ని ఏఆర్పీ అంటారు. ఇల్లు కూలితే కింద పడిన మనిషి ఎక్కడున్నాడో వాసన పట్టి చూపడానికి వాళ్లకు కుక్కలు కావాలట. మా అల్లుడు దానియేలు స్టేషనులో పని చేస్తూ ఆ దళంలో చేరాడు. పోయిన వానల్లో మా పక్కింటి గోడ పడినప్పుడు మా కర్రిగాడు మట్టి కింద ఉన్న మేకపిల్లను కనిపెట్టి తవ్వి తీసిన సంగతి అతను అక్కడ చెప్పాడు. కుక్కను తెమ్మన్నారు. పరీక్షలో గెలిస్తే యుద్ధం అయ్యేదాకా కడపలోనే ఉంచుకుంటారు, ఓడితే వెనక్కి పంపుతారు.

వాడు ఓడాలనే నేను బయలుదేరాను. నా భర్త పోయినప్పటి నుంచి ఇంట్లో నేనూ వాడే. రాత్రి తలుపు కదిలితే నాకు మెలకువ వస్తుంది. వాడు తల ఎత్తకపోతే అది గాలేనని తెలుసుకొని మళ్లీ పడుకుంటాను. దానియేలు తానే వచ్చి తీసుకుపోతానని కబురు పంపాడు గానీ, దారిలో తాడు తెంపుకుంటే ఎట్లా, నీళ్లు పెట్టడం మరిచిపోతే ఎట్లా అని నేనే పోయాను. కోళ్లను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, మజ్జిగ కుండ మూత రెండుసార్లు చూసుకొని, తెల్లవారేసరికి రోడ్డు మీద నిలబడ్డాను.

కర్నూలు నుంచి నంద్యాలకు పోయే బొగ్గు బస్సు పొద్దున్నే ఓర్వకల్లు మీదుగా వస్తుంది. పెట్రోలు దొరకనందువల్ల ఇప్పుడు బస్సుల వెనక కొలిమి లాంటి డబ్బా కట్టి, బొగ్గుల గ్యాసుతో నడుపుతున్నారు. ఎక్కేవాళ్లు ముందువైపు కూర్చోండి, వెనక వేడికి ఉండలేరు. కుక్కను చూసి డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మనుషులకే జాగా లేదవ్వా. కుక్కను యాడ పెట్టల్ల?"

"నా కాళ్లకాడ పండుకుంటాదిలే నాయనా."

"కరిస్తే?"

"ఇన్నేండ్లు నన్నే కరవలేదు. నన్ను మించి వాన్ని విసిగిచ్చినోళ్లు ఎవురుండారు?"

బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. డ్రైవరు కుక్కకు అర టిక్కెట్టు డబ్బులు తీసుకొని ఎక్కనిచ్చాడు. నంద్యాలలో బస్సు మారాలి. అక్కడి నుంచి ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు ఒకటే బస్సు. మొత్తం దారికి, కుక్క టిక్కెట్టుతో కలిపి, నాకు మూడు రూపాయల పైచిలుకు అయింది. ఎత్తు వచ్చిన చోటల్లా అందరూ దిగి నడవాలి. ఆళ్లగడ్డలో బొగ్గులు నింపుకోవడానికి బస్సు చాలాసేపు ఆగింది. రోడ్డు పక్కన పూటకూటి ఇంట్లో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టారు. నేను నా ముద్దలో సగం కర్రిగాడికి వేస్తుంటే వంటామె చూసి, "నువ్వు తినవ్వా, దానికి నేను వేస్తా. సంగటికి కరువొచ్చిందా?" అని గంజి పోసి ఒక ముద్ద వేసింది. వాడు తినలేదు, నా వైపు చూశాడు. నేను తినమన్నాక తిన్నాడు. "మాట ఇంటాడే. మా ఇంటాయనకు కూడా నేర్పిపోగూడదా?" అందామె. ఇట్లా మాట వినే కుక్క పరీక్షలో ఓడుతుందా అని అప్పుడే నాకు బెంగ పట్టుకుంది.

కడప చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. దానియేలు బస్సు దగ్గరికి వచ్చి నా మూట అందుకున్నాడు. నా కూతురు మార్తమ్మ, అల్లుడు స్టేషనుకు తూర్పున ఒక చిన్న ఇంట్లో అద్దెకు ఉంటున్నారు. కడప బండలు పరిచి పైన మట్టి వేసిన కప్పు అది. ఆ వైపు ఇళ్లన్నీ అంతే. మార్తమ్మకు మూడు నెలల పసిబిడ్డ. ఊయల కట్టిన చోట పైకి చూస్తే, ఒక బండకు అడ్డంగా సన్నటి పగులు ఉంది. ఆ పగుల్లో సున్నం పూశారు.

"ఇది యాపొద్దు పగిలింది?" అన్నాను.

"మేము వచ్చినప్పటి నుంచి అట్లనే ఉండాదమ్మా. రైలు పోతే కొంచెం మన్ను రాలుతాది, అంతే."

"ఊయల ఆ మూలకు కట్టుకోగూడదా?"

"ఆ మూల పొగొస్తాది. నువ్వు కూచో ముందు. వచ్చినకాడ్నుంచి పైకే చూస్తాండావు."

పొద్దున లేచి దానియేలుతో మైదానానికి పోయాను. స్టేషనుకు పడమర వైపున ఒక పాడుబడిన మిద్దెను కావాలని కూల్చి ఉంచారు. బండలు, కప్పు దంతెలు, మట్టి కలిసి కుప్పగా ఉన్నాయి. ఆ కుప్ప కింద ఒక మనిషి పట్టేంత గుంత తీసి, పైన బండలు కదలకుండా కొయ్యలు ఆనించారు. లోపలికి గాలి పోవడానికి సందు ఉంచారు. కుక్కలను చూసుకునేది ఖాదర్ సాహెబ్ అనే హవల్దారు. పట్టాళంలో కుక్కల దగ్గరే పని చేసి పెన్షను మీద వచ్చాడట, కడప వాడే. కర్రిగాడి చెవులు, పళ్లు, కాళ్లు చూశాడు.

"సన్నగుండాడే అమ్మా."

"తింటాడు సాహెబూ, ఒళ్లు పట్టదు."

"మంచిదే. లావుంటే బండల్లో దూరలేడు."

గుంతలో పడుకోవలసింది ఓబులేసు అనే కూలి మనిషి. ఇల్లు కూల్చింది కూడా అతనే. ఆ మనిషి గుంత దాకా వచ్చి, లోపలికి చూసి, వెనక్కి తిరిగాడు.

"ఇది గోరీ మాదిరుండాది సాబూ. బతికుండంగా దీంట్లో పండుకుంటే మా ఇంట్లో నన్ను గడప తొక్కనిస్తారా?"

హవల్దారు తక్కిన కూలీలను అడిగాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. అందులో నాకు వింత ఏమీ తోచలేదు. మా ఇంట్లో మగపిల్లాడు ఉండి గుంతలో పడుకుంటానంటే నేనూ ఒప్పుకోను. చివరికి ఓబులేసు చొక్కా విప్పించి, గడ్డి కూరి, ఆ బొమ్మను గుంతలో పెట్టారు. పరీక్ష చూడటానికి వచ్చిన ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. కర్రిగాడిని వదిలారు. వాడు కుప్ప చుట్టూ తిరిగి, సందు దగ్గర ముక్కు పెట్టి, అక్కడ ఆగకుండా దిగి వచ్చి, దూరంగా బీడీ తాగుతున్న ఓబులేసు దగ్గరికి నేరుగా పోయి, అతని తొడల మీద కాళ్లు పెట్టి మొరిగాడు. అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

"బొమ్మను కనిపెట్టలేదు. ఈ కుక్క పనికిరాదు," అన్నాడు.

"హుజూర్, చొక్కా ఎవనిదో వాన్ని పట్టినాది. గడ్డిని కాపాడేదానికి మనకు కుక్క ఎందుకు?" అన్నాడు హవల్దారు.

"అయితే మనిషిని పెట్టు."

హవల్దారు మళ్లీ అడిగాడు. మళ్లీ ఎవరూ కదల్లేదు. ఆఫీసరు లేచి, "కుక్కను తీసుకుపోమ్మా," అని నాతో అన్నాడు.

నేను కోరుకున్నదే జరిగింది. తాడు కట్టాను. నంద్యాల బస్సుకు ఇంకా పొద్దు ఉందని, దారిలో పిల్లకు చెప్పి పోవచ్చని అనుకున్నాను. నాలుగు అడుగులు వేశానో లేదో ఆ పగులు గుర్తుకొచ్చింది. విమానాల గురించి నాకు తెలియదు, రైలు పోతేనే మన్ను రాలుతుంది. ఆ బండ పడితే వెతకడానికి వచ్చేది ఈ మనుషులే, వీళ్ల దగ్గర కుక్క ఉండదు. దానియేలు స్టేషనులో పనిలో ఉంటాడు. పిల్లా పసిబిడ్డా ఏ మూల ఉన్నారో ఎవరు చెబుతారు? వెనక్కి వచ్చి తాడు హవల్దారు చేతిలో పెట్టాను.

"నేను పండుకుంటా సాహెబూ."

దానియేలు పరిగెత్తుకొచ్చాడు. "వద్దత్తా. నీ కూతురు ఇంటే నన్ను ఇంట్లో ఉండనిస్తాదా?"

"చెప్పొద్దు. నేనూ చెప్పను."

కర్రిగాడిని స్టేషను వెనకకు తీసుకుపోయాక నన్ను గుంతలోకి దించారు. దిగేముందు ఆ కొయ్యలను చేత్తో కదిపి చూశాను. గట్టిగానే ఉన్నాయి. కుప్పను బాగా ఎరిగిన ఓబులేసే దగ్గరుండి పైన బండ అడ్డం పెట్టించాడు. చీకటి ఏమంత లేదు. మట్టి వాసన, సున్నం వాసన ఉన్నాయి. ప్రార్థన చేయాలనుకున్నాను గానీ, కోళ్లను నిన్న సాయంత్రం గంప కింద మూశారో లేదో, పిల్లి మజ్జిగలో మూతి పెట్టిందో ఏమో, ఇవే గుర్తుకొచ్చాయి. బయట కర్రిగాడి గోళ్లు బండ మీద గీరుకున్న చప్పుడు అయింది. వాడు సన్నగా సాగదీసి కూసి, వెంటనే రెండుసార్లు మొరిగాడు. మేకపిల్ల దొరికినప్పుడు కూడా అట్లాగే చేశాడు. బండ తీసేలోపే మట్టి తోడి తల లోపలికి పెట్టాడు.

పైకి వచ్చాక ఆఫీసరు నాకు నీళ్లు ఇప్పించి, "నీ కుక్క నిన్ను కనిపెడుతుందమ్మా. అది పరీక్ష కాదు. తెలియనివాళ్లను కనిపెట్టాలి కదా," అన్నాడు. న్యాయంగానే అన్నాడు. అప్పుడు ఓబులేసు బీడీ కింద వేసి తొక్కాడు.

"అవ్వ లోపలికి పోయి నడిచొచ్చింది. ఇంగ నాకేంది? నన్ను వాడు ముందే పట్టినాడు గదా, మళ్లీ పట్టనీ. ఒగటే మాట సాబూ, మా ఇంటికాడ ఎవురూ చెప్పొద్దు."

అతను దిగాడు, బండ పెట్టారు, కర్రిగాడిని తెచ్చి వదిలారు. వాడు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నేను చేత్తో కుప్ప వైపు చూపించినా, పొమ్మని కసిరినా, తోక ఊపి అక్కడే కూర్చున్నాడు. ఆఫీసరు మళ్లీ కుర్చీలోంచి లేవబోయాడు.

హవల్దారు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "నువ్వు ఈడుంటే వానికి పనేముందమ్మా? వానికి కావలసిన మనిషి దొరికినాది. వానికి నువ్వు కనపడగూడదు, నీ వాసన గూడా రాగూడదు."

"ఎంత దూరం పోవల్ల?"

"పడమటి గాలి తోల్తాంది. నువ్వు తూర్పుకు పో. ఎంత దూరం పోతే అంత మేలు. తిరిగి చూడొద్దు, నువ్వు చూస్తే వాడొస్తాడు."

హవల్దారు తాడు పట్టుకున్నాడు. నేను కర్రిగాడి తల మీద చెయ్యి వేద్దామనుకొని, వేస్తే పోవడం కష్టమని వేయకుండానే నడిచాను. తాడు లాగిన చప్పుడు, కొంచెం మూలుగు వినిపించాయి. స్టేషను దాటాను, పట్టాలు దాటాను. దారిపొడుగునా ఓబులేసు ఎంతసేపని అందులో ఉంటాడోనని ఒక బెంగ, కర్రిగాడు నా వెంట వస్తాడేమోనని ఒక బెంగ. ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి మార్తమ్మ బిడ్డను ఎత్తుకొని వాకిట్లో నిలబడి ఉంది. నా చీరకున్న మన్ను చూసి ఏదో అడగబోయింది. అప్పుడు గాలిలో ఆ కూత వినబడింది. సన్నగా సాగి, వెంటనే రెండు మొరుగులు.

"ఎవురి కుక్కమ్మా అది, అట్లరుస్తాంది?"

"మనదే," అన్నాను. "దొరికినాడు."

"ఎవురు?"

"ఓబులేసు."

ఆ పూట నేను మైదానానికి తిరిగి పోలేదు. పోతే కర్రిగాడు పని వదిలి నా దగ్గరికి వచ్చేస్తాడు. ఊయలను మాత్రం, మార్తమ్మ వద్దంటున్నా, పొగ వచ్చే మూలకే కట్టించి, పొయ్యిని బయట పెట్టించాను. మర్నాడు అదే దారిన తిరిగి వచ్చాను. ఆళ్లగడ్డ వంటామె కుక్క ఏదని అడిగింది, ఉద్యోగం దొరికిందని చెప్పాను. నాకు భయం తగ్గిందని రాయను. ఇదివరకు మా తలుపు గురించే భయపడేదాన్ని, ఇప్పుడు తలుపు గురించీ, కడప కప్పు గురించీ, వాడు వేళకు తింటున్నాడా అన్నదాని గురించీ భయపడుతున్నాను. రాత్రి తలుపు కదిలితే లేచి నేనే చూస్తున్నాను. ఇప్పటి వరకు అది గాలే.

హవల్దారు గారికి ఇంకా కుక్కలు కావాలట. మీ దగ్గర గొర్రెల కుక్క ఉంటే తీసుకుపోండి. పరీక్ష మొదలుపెట్టేముందే పిడికెడు మన్ను పైకి వదిలి గాలి ఎటు పోతుందో చూసుకొని, అది పోయే వైపే మీరూ నడవండి. మీ వాసన వాడికి అందదు, వాడి కూత మాత్రం మీకు వినబడుతుంది.