నీళ్ళులేని ఊరి ఓడ

మొన్న మాత పండుగనాడు సాయంకాలం మా చెల్లెలి మనవడు ఓడలో కొత్తగా బిగించిన మోటారు మీట నొక్కగానే, గోపురం మెల్లగా వెనక్కి వాలి, కరెంటు తీగ దాటాక తనంత తానే లేచి నిలబడింది. ఊరంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. అబద్ధమెందుకు, నాకు మొదట కలిగింది బాధ కాదు, హమ్మయ్య అనిపించింది. నలభై ఏళ్ళు ఆ గోపురాన్ని ఒంటిచేత్తో ఎత్తి దించినవాణ్ణి, దాన్ని చూస్తేనే నా భుజాలు నొప్పి పెడతాయి.

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి పుదూరు పోయే వైపు. నల్లరేగడి నేల, వాన పడితే సేద్యం, పడకపోతే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. తాగే నీళ్ళకే బిందెలు వరుసలో పెట్టుకునే ఊరికి ఓడ దేనికని నా ఈడువాళ్ళు చాలామంది నన్ను ఆటపట్టించారు. మా ముత్తాతల కాలంలో తూత్తుకుడి రేవుకు కూలికి పోయి, తుఫానులో చిక్కి బతికి వచ్చినవాళ్ళు మాతకు మొక్కి చేయించిన సప్పరం అది, అంటే ఊరేగింపు బండి. నాలుగు చక్రాల మీద చెక్క ఓడ, ముందు మాత స్వరూపం, నడుమ టేకు గోపురం, దాని కొనకు శిలువ. ఊరికి కరెంటు వచ్చి తీగలు దారికి అడ్డం పడ్డాక, గోపురం మొదట్లో మడతబందు వేసి, తీగ వచ్చినచోట పడుకోబెట్టడం, దాటాక లేపడం అలవాటైంది. గుడి నుంచి బయలుదేరి మళ్ళీ గుడికి చేరేలోగా పదకొండు తీగలు.

ఓడ కడుపులో ఒక్కరికే చోటు, అందుకే ఆ పని ఒక్కడిది. గోపురం కొన నుంచి వచ్చే తాడు ముందున్న కప్పీల మీదుగా లోపలికి దిగి ఒక గుంజకు చుట్టుకుని ఉంటుంది. దించేటప్పుడు ఆ చుట్ల మీద కొంచెం కొంచెంగా వదలాలి, ఎత్తేటప్పుడు కాళ్ళు పలకకు తన్నిపెట్టి లాగాలి. బయట ఏం జరుగుతున్నదీ పలకల సందులోంచి కనిపించినంతే. ఫాదర్ రాని ఆదివారాల్లో జపం నడిపే ఉపదేశి చేతికర్రతో రెండు దెబ్బలు కొడితే దించమని, మూడు కొడితే ఎత్తమని.

అసలు కష్టం పూలతో. గోపురం వాలినప్పుడల్లా ఆ వీధివాళ్ళు దాని కొనకు మొక్కు మాలలు కడతారు, మొక్కు మాలను వద్దనే హక్కు ఎవరికీ లేదు. తీగ తీగకీ బరువు పెరుగుతుంది కనుక, గుంజకు మూడు చుట్లతో మొదలుపెట్టి, మాలలను బట్టి నాలుగు, ఐదు చేసుకోవాలి. ఎత్తేటప్పుడు చేతికి తెలిసిపోయేది, ఈ వీధిలో ఈ ఏడు ఎవరికో గట్టి కష్టమే వచ్చిందని.

నాకు ముందు ఆ తాడు మా నాయనది. వెంబకోట్టై వైపు టపాసుల పనిలో పొడి పీల్చి పీల్చి రొమ్ము చెడి, ఇక లాగలేనన్న ఏడు దాన్ని నా చేతికిచ్చాడు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, విరుదునగర్ పప్పు మిల్లులో మూటలు మోసేవాణ్ణి, పండుగకని బస్సెక్కి వచ్చాను. కుర్రవాడి చేతిలో పెడితే వెనక కొవ్వొత్తులు పట్టుకుని నడిచే ఆడవాళ్ళ నెత్తిన పడుతుందని ఊరిపెద్దలు గొణిగితే, మా నాయన నాకు పూచీగా నిలబడ్డాడు. ఆ రోజు మా వాకిట్లో మంచం వేయించుకుని కూర్చున్నాడు.

ఆరు తీగలు బాగానే దాటించాను. ఏడోది మా ఇంటి ముందరిది. గోపురం వాలగానే మా అమ్మ నాయన రొమ్ము బాగుపడాలని మొక్కుకున్న మాల తెచ్చి కట్టింది, ఇద్దరు పట్టి మోసుకొచ్చిన మాల అది. అందరి మాలలకూ చుట్లు ఎంచినవాణ్ణి, దానికి ఎంచలేదు. మా అమ్మ మాల కదా, అది కూడా బరువేనని నాకు తట్టలేదు. పలకల సందులోంచి మంచం మీది నాయననే చూస్తూ, పాత లెక్కకే చుట్లు వేసి ఎత్తాను.

పది అడుగుల్లోనే ఇంకో తీగ. రెండు దెబ్బలు వినపడ్డాయి, వదిలాను, అంతే, తాడు నా మాట వినలేదు. గుంజ మీద కీచుమంటూ జారిపోతూ అరచేతుల తోలు లాక్కుపోయింది. బయట ఆడవాళ్ళ కేకలు. వాటి మధ్య, రెండు మాటలు మాట్లాడితే దగ్గు వచ్చే నాయన గొంతు వినపడింది.

"కూచోరా! తాడు మింద కూచో!"

కూర్చున్నాను. తొడల కింద కాలిపోతున్నా లేవలేదు. తాడు ఆగింది. గోపురం కొన ఒక ముసలమ్మ కొవ్వొత్తికి జానెడు పైన నిలిచిందని తరువాత చెప్పారు. నాయన దాన్ని చూసి కాదు, తాడు కూత విని అరిచాడట.

నా చేతులకు కొబ్బరినూనె రాస్తూ ఆయన తిట్టలేదు. "మనింటి మాలని ఎంచకుండా పోతివేరా" అని మాత్రం అన్నాడు. ఆ మొక్కు ఫలించలేదు. మరుసటి పండుగకు ఆయన లేడు. తాడు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, మిల్లులో ఒళ్ళు హూనమైన ఏళ్ళలోనూ, మోకాళ్ళు అరిగిన ఏళ్ళలోనూ.

ఈ ఏడు నా భార్య లేని మొదటి పండుగ. పొద్దున్నే కోవిల్‌పట్టి పూల అంగడిలో మాల కట్టించుకుని వచ్చి, ఓడ మా వాకిలికి రాగానే లేచి ముందుకు పోయాను. మోటారు ఎక్కువ బరువు లాగదట, అందుకని మాలలకు కింద ప్లాస్టిక్ బుట్ట కట్టారు. మనవడు నా చేతిలోంచి మాల మర్యాదగానే తీసుకున్నాడు.

"నువ్వు సుమ్మా కూచో తాతా. ఇంక అంతా మోటారే సూసుకుంటాది."

ఊరికే కూర్చోమన్నందుకు వాడి మీద నాకు కోపం లేదు. నా నడుం విరగ్గొట్టిన పని ఇంకొకడి నడుం విరగ్గొట్టకూడదు. కూర్చున్నాను. గోపురం లేచింది, తేలిగ్గా, ఒక్క పువ్వూ లేకుండా. మా ఇంటి మాల ఎంత బరువో ఈసారి ఎవరి చేతికీ తెలియలేదు.