గేటు ముందు డబ్బా

ఇలుమినాడా ఫిలిప్పీన్స్‌లోని బకోలోడ్‌లో తన ఇంట్లో కూర్చుని జపాన్ పిల్లలకు ఫోన్లో వీడియో కాల్ మీద ఇంగ్లీషు చెబుతుంది. పాఠం మధ్యలో నెట్ ఆగి, నోరు తెరిచింది తెరిచినట్టే తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది. వీధికి ఫైబర్ ఇంటర్నెట్ ఎప్పుడొస్తుందని కంపెనీని అడిగితే మూడేళ్లుగా ఒకటే జవాబు: "త్వరలో."

ఒకరోజు వైరు చుట్టలతో పనివాళ్లు దిగారు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులు వాళ్లకు వేడి వేడి కోడి గంజి పోసింది.

"కనెక్షన్లిచ్చే డబ్బా మీ గేటు ముందు స్తంభానికే బిగిస్తున్నామమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దవాడు రోడెల్.

ఆ మాట పట్టుకుని వీధంతా చాటింది. తను మాత్రం దరఖాస్తు పెట్టలేదు. ఇన్నాళ్లూ గంజి పోసినదాన్ని, నన్ను కాదని పోతారా అనుకుంది.

శనివారం తీరిగ్గా కంపెనీ ఆఫీసుకు వెళ్తే, కౌంటరు దగ్గరి అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ఆ డబ్బాకు ఎనిమిది కనెక్షన్లేనండీ. నిన్ననే నిండిపోయాయి."

"డబ్బా నా గేటు ముందే ఉంది తల్లీ!"

"ఇంకోటి పెడతారండీ."

"ఎప్పుడు?"

"త్వరలో."

ఒళ్లు మండిపోతూ ఇంటికొచ్చింది. స్తంభానికి నిచ్చెన వేసి, రోడెల్ ఇలుమినాడా ఇంటి కప్పు మీదుగా పక్కింటికి వైరు లాగుతున్నాడు. పక్కింటి పెర్లా గుమ్మంలోంచి చేయి ఊపింది. "నువ్వు చెప్పబట్టే ముందుగా రాయించుకున్నానక్కా! అంతా నీ చలవే!"

"అమ్మా, నిచ్చెన కదులుతోంది, కాస్త పట్టుకుంటారా?" అన్నాడు రోడెల్.

పళ్లు కొరుక్కుంటూనే పట్టుకుంది.