అమ్మ ముట్టుకోని కంప్యూటర్

మా పాప స్కూలు పనికని కంప్యూటర్ కొన్నాం. శ్రీకాకుళంలో మా అద్దె ఇంట్లో ఇవాళ దాన్ని బిగిస్తుంటే, థర్మకోల్ ముక్కల మధ్య నుంచి కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది.

మన చిన్నప్పటి ఆ లావుపాటి మానిటర్లు గుర్తున్నాయా? వాటికి పాత చీరతో కుట్టిన ముసుగు తొడిగేవారు. చెప్పులు బయట విడిస్తేగానీ మనల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

మా ఇంటికి అది నా చదువు కోసం వచ్చింది. మా అమ్మ రేవులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్మేది. కంప్యూటర్ కొన్నది ఆవిడే. తీరా కొబ్బరికాయ కొట్టే వేళకి, దానికి బొట్టు పెట్టమని పక్కింటి పైడమ్మత్తను పిలిచింది.

"నువ్వెట్టు వదినా. నా సేతులు సేపల నీసు కంపు. లోపలికెల్లిపోతే మిసను పాడైపోతాది."

అలా ఏమీ కాదని ఎంత చెప్పినా వినలేదు. సాయంత్రం చింతపండుతో చేతులు తోముకుని, నా పక్కన కూర్చుని, ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేది.

"ఒక్కపాలి నొక్కమ్మా" అనేదాన్ని.

"రేపు నొక్కుతాన్లే. ఇయ్యాల నీసు పోనేదు."

ఆ రేపు రాలేదు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది.

పాపకిచ్చే ముందు కీబోర్డును ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏటమ్మా, వాసన సూస్తన్నావు?" అంది పాప.

"ఏటీ నేదు" అని దాని చేతికిచ్చేశాను. కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప అందులో ఇంకేమీ లేదు.