కుడి అంచున పచ్చ జెండా

మా సూర్యాపేటకు రైలు లేదు. హైవే ఉంది, బస్టాండు ఉంది, హారన్ మీద నుంచి చెయ్యి తీయని లారీలున్నాయి గానీ పట్టాలు మాత్రం లేవు. అలాంటి ఊళ్లో గోనెసంచుల దుకాణం పెట్టుకుని, నలభై ఏళ్లుగా రైలింజన్ల ఫొటోలు పోగేస్తున్న మనిషిని నేను. "ఊర్ల పట్టాలే లేకపాయె, మీకు ఈ రైలు పిచ్చి యాడ తగులుకున్నది?" అని పెళ్లయిన కొత్తలో మా ఆవిడ గిరిజ నవ్వేది. ఇప్పుడు నవ్వడం కూడా మానేసింది. నాకూ ఓపిక అయిపోయింది. ఒకప్పుడు ఆదివారం వచ్చిందంటే కెమెరా మెడకేసుకుని మిర్యాలగూడ బస్సెక్కేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్లు బస్సు మెట్టు దగ్గరే మొరాయిస్తున్నాయి.

ఉన్నదల్లా వాట్సాప్ గ్రూపు. 'పాత పట్టాలు' అని పేరు పెట్టి, నా కర్మ కొద్దీ నేనే అడ్మిన్ అయ్యాను. రెండొందల పైచిలుకు మనుషులు. పొద్దున్నే ఒకాయన పాత ఫొటో పెడతాడు. ఇంజను నంబరెంత అని ఒకరు, అది ఏ షెడ్డుకు చెందిందని ఇంకొకరు. కాజీపేట అంటే కాదు గుత్తి అంటారు. మధ్యాహ్నానికి తిట్టుకుంటారు, సాయంత్రానికి ఒకడు గ్రూపు వదిలిపోతాడు, మర్నాడు నేను ఫోన్ చేసి బతిమాలి మళ్లీ కలపాలి. చిన్నపిల్లల బడి నడపడం ఇంతకంటే సులువు.

మావాళ్లలో ఒక పద్ధతుంది. ఫొటోలో మనిషి పడకూడదు. ఇంజను నంబరుతో సహా నిండుగా కనపడాలి, వెనక పెట్టెలు వంపు తిరిగి ఉండాలి, మధ్యలో మేకలూ మనుషులూ ఉండకూడదు. దాన్ని మేం 'శుభ్రమైన ఫొటో' అంటాం. రెండు గంటలు ఎండలో నిలబడితే ఒక బండి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరో గడ్డిమోపుతో అడ్డం వస్తారు. అప్పుడు ఒళ్లు మండుతుంది చూడండి! జరుగు జరుగు అని అరుస్తాం. అప్పటికీ ఎవరైనా పడితే, స్కాన్ చేసేటప్పుడు కోసేస్తాం. ఈ పద్ధతి గ్రూపులో అందరికీ నేర్పిన పెద్దమనిషిని నేనే.

మొన్న వానాకాలంలో ఒక ఫొటో పెట్టాను. తొంభై మూడులో మిర్యాలగూడ శివారులో తీసిన పాసింజరు బండి. అప్పుడింకా పట్టాల మీద కరెంటు తీగల్లేవు, పైనంతా ఖాళీ ఆకాశం. ఆ ఆకాశం కోసమే మావాళ్లు చచ్చిపోతారు. దండాలే దండాలు. అంతలో కోదాడ నుంచి నరసింహారావు మాట రికార్డు చేసి పంపాడు. ఆయన కాలేజీలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఎవరు ఏం పెట్టినా ఒక తప్పు వెతక్కపోతే ఆయనకు అన్నం సయించదు.

"నగేష్ గారూ, బొమ్మ బ్రహ్మాండంగా ఉందండి. కాకపోతే కుడి అంచున ఆ పచ్చగుడ్డ ముక్కేంటండీ? పంటి కింద రాయిలా ఉంది. అదికూడా కోసేస్తే పోయేది కదా!"

నిజమే. కుడి అంచున పచ్చ జెండా కొస కొంచెం మిగిలిపోయింది. ఇంకా లోపలికి కోస్తే ఇంజను ముక్కు పోతుందని వదిలేశాను. ఆ ముక్క మీద రెండు రోజులు చర్చ నడిచింది. మూడో రోజు, దుకాణంలో ఉండగా, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"సార్, గా రైలు ఫొటో పెట్టింది మీరేనా? మా రిటైరోళ్ల గ్రూపులకొచ్చింది. కింద మీ పేరు, నంబరున్నది."

"నేనే. మీరెవరు?"

"రామనర్సయ్యను సార్, మిర్యాలగూడ. కీమ్యాన్ చేసిన. గా పచ్చ జెండా నాదే."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ ఇంజను నంబరు మీకు గుర్తుందా?" అన్నాను. చూడండి నా బుద్ధి!

"ఇంజను సంగతి నాకెర్క లేదు సార్. జెండా పట్టుకొని నేనున్న. నా పక్కపొంటి మా ఇంటిది ఉండె. ఆమెను కోసేసిండ్రా?"

ముప్పై ఏళ్ల నాటి మాట, ఎప్పుడో కోసేసి ఉంటాం, ఇప్పుడేం దొరకదు అని ఫోన్ పెట్టేశాను. వెతక్కుండానే చెప్పాను. ఎవరు వెతుకుతారు, అటక మీద ఎన్ని డబ్బాలున్నాయో నాకే తెలియదు.

వారం తిరక్కుండా మనిషే వచ్చాడు. దుకాణం మెట్టు మీద చెప్పులు విడిచి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బక్కపల్చని మనిషి, కుడి భుజం కొంచెం కిందికి వంగి ఉంది. ఏళ్ల తరబడి సుత్తి మోసిన భుజమట. మిర్యాలగూడ నుంచి బస్సులో నిలబడే వచ్చానన్నాడు. పొమ్మనడానికి నోరు రాలేదు.

వాళ్లది మాడుగులపల్లి దగ్గర పల్లె. లైను వేసేటప్పుడు కంకర మోసే కూలీగా చేరాడు, తర్వాత పట్టాలు బాగుచేసే గ్యాంగులోకి తీసుకున్నారు, ఆ తర్వాత కీమ్యాన్ అయ్యాడు. పట్టాను కింది దిమ్మకు పట్టి ఉంచే ఇనుప ముక్కను కీ అంటారు. బండి పోయిన ప్రతిసారీ ఆ అదురుకు కొన్ని వదులవుతాయి. తన వంతు లైనంతా నడిచి, ఒక్కో కీ చూసుకుంటూ, వదులైన దాన్ని సుత్తితో బిగగొట్టడం అతని పని. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు ఇంకో పట్టా. ఎండైనా అంతే, ముసురైనా అంతే. బండి వస్తే పక్కకు తప్పుకుని పచ్చ జెండా చూపాలి. డ్రైవరు చెయ్యెత్తుతాడు.

"ముప్పై నాలుగేండ్లు సార్. డ్రైవర్ల చేతులే ఎర్క, మొఖాలు ఎర్క లేవు," అన్నాడు.

గిరిజ వెనక ఇంట్లోంచి టీ తెచ్చింది. లోపలికి పోకుండా గడప దగ్గరే నిలబడింది.

అతని భార్య పేరు సైదమ్మ. నాట్ల కాలంలో కూలికి పోయేది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం సద్దిగిన్నె కొంగులో మూటగట్టుకుని పట్టాల వెంట నడిచొచ్చేది. అతను ఎంత దూరంలో ఉంటే అంత దూరం. ఒక వానాకాలం జ్వరమొచ్చింది. దవాఖానలో నాలుగు రోజులుంది, అయిదో రోజు లేదు. బిడ్డ తారకు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.

"ఫొటో ఒక్కటి దిగలే సార్. పెండ్లిల దిగలే, ఓటుకార్డులకు దింపేనాటికి మనిషే లేకపాయె. ఇన్నేండ్లు నాకేం ఫికర్ లేకుండె, కండ్లు మూస్తే కనవడేది. ఇప్పుడు మొఖం యాదికొస్తలేదు సార్. ముక్కు యాదికున్నది, నవ్వితే పక్క పన్ను యాదికున్నది. అన్ని కలిపితే మొఖం అయితలేదు." టీ గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "తార అడుగుతది, అమ్మ ఎట్లుండె నాయినా అని. నీ లెక్కనే ఉండె బిడ్డా అంట. అబద్ధమాడుతున్న సార్, నాకే తెలుస్తలేదు."

సరే, చూస్తానన్నాను. అతను వెళ్లాక గిరిజ గ్లాసు తీస్తూ, నా మొహం చూడకుండానే అడిగింది. "మీరు ఎతుకుతరా, నన్ను అటకెక్కమంటరా?"

ముందు గ్రూపులో అడిగాను. ఆ ఏళ్లలో మిర్యాలగూడ శివారులో తీసిన ఫొటోల్లో, మనుషులున్నవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని. 'మనుషులా? ఎందుకండీ?' అన్నాడొకడు. ఒకాయన నాగార్జునసాగర్ డ్యాం ముందు తన కుటుంబం ఫొటో పంపాడు. ఇంకొకడు ఇదే సందని వేరే బండి పెట్టాడు, దాని షెడ్డు మీద కొట్లాట మొదలైంది. అందరి దగ్గరా కలిపి పద్నాలుగు వేల ఫొటోలున్నాయని పండగ చేసుకున్నాం మొన్న ఉగాదికి. ఒక్క మనిషి లేడు. విసుగొచ్చి ఫోన్ బోర్లా పెట్టేశాను. నరసింహారావు విడిగా ఫోన్ చేశాడు.

"ఆ రోజు మీతో వచ్చింది నేనేనండి. నా దగ్గరున్నవి మొత్తం వెతికాను. అన్నీ శుభ్రమైనవేనండి," అన్నాడు. ఆయన గొంతులో కూడా ఎప్పటి హుషారు లేదు.

ఇక అటకే గతి. గిరిజ స్టూలు పట్టుకుంది, నేను డబ్బాలు దింపాను. నెగిటివులు చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొన్నింటికి బూజు. ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పెట్టి చూస్తూ పోతే మెడ పట్టేసింది. రెండు రోజులు ఇంజన్లే ఇంజన్లు. నా జన్మంతా ఇంజన్ల ముక్కులు చూడటానికే సరిపోయిందా అనిపించింది. మూడో రోజు మధ్యాహ్నం ఆ రీలు దొరికింది. ఎదురుగా ఉన్న స్టూడియో వాడితో అప్పటికప్పుడే స్కాన్ చేయించాను.

ఇంజను ఉంది. జెండా ఉంది. జెండా పట్టుకుని కుర్ర రామనర్సయ్య నిటారుగా నిలబడి ఉన్నాడు. అతని పక్కన, ఫిలిం అంచున, ఒక చెయ్యి ఉంది. మోచేతి దాకా చెయ్యి, గాజులు, ఆ చేతిలో మూటగట్టిన సద్దిగిన్నె, కింద చీర కుచ్చిళ్లు కొంచెం. అక్కడితో ఫిలిం అయిపోయింది. మొహం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కోసింది తర్వాత సంగతి. బండి వంపు తిరగ్గానే నేను గొంతు చించుకుని అరిచాను. "ఓయమ్మా! పక్కకు జరుగు, రైలొస్తుంది!" ఆమె నిలబడ్డ చోటికి రైలు రాదు. నా ఫొటోకు ఆమె అడ్డం, అంతే. ఆ మనిషి జరిగింది. తలకాయ కొట్టేసినట్టయింది నాకు.

ఫిలిం పాడైపోయిందని చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. గిరిజ ఒప్పుకోలేదు. "చెయ్యన్న ఇయ్యుండ్రి. గింత దూరం నిలబడి వచ్చిండు మనిషి," అంది.

మర్నాడు మిర్యాలగూడ పోయాను. రైల్వే గేటుకు దగ్గర్లోనే రెండు గదుల కిరాయి ఇల్లు. తార అంగన్‌వాడీలో టీచరు, డ్యూటీకి పోయింది. అతనొక్కడే ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఏదో ఎక్స్‌ప్రెస్ పోతుంటే, దాని చప్పుడు తగ్గేదాకా ఆగి మంచం కొసన కూర్చున్నాను.

ముందే చెప్పేశాను. "రామనర్సయ్యా, మొహం రాలేదు. తప్పు నాది. నేనే జరగమని అరిచాను ఆ రోజు. నేను అరవకపోతే ఉండేది." ఫోన్ తీసి చేతికిచ్చాను.

కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"మీరు అరిస్తే జరగలే సార్," అన్నాడు చివరికి. "మీరు అరిసినరు, నిజమే. ఆమె నవ్వుకుంట నిలబడ్డది. ఫొటో పడాల్నని కొంగు గిట్ల సదురుకున్నది. మనిద్దరం దిగుదమయ్యా, సారు తీస్తుండు అన్నది. సారుకు కోపమొస్తది, అవుతల వడు అని నేనే కసిరిన. అప్పుడు జరిగింది." కళ్లద్దాలు తీసి మంచం మీద పెట్టాడు. "ఎవ్వలకు చెప్పలే సార్ గీ ముచ్చట. తారకు సుత చెప్పలే. మీ ఫొటోల ఆమె జరగకుండ ఉంటదేమో, నా మాట ఇనకుండ ఉంటదేమో అని వచ్చిన."

ఏడుపొచ్చింది, ఏడ్చాను. అతను ఏడవలేదు, నా వీపు మీద చెయ్యేసి, నీళ్లు తాగుతారా సార్ అన్నాడు.

తర్వాత ఫోన్ నాకిచ్చి అడిగాడు. "సార్, గీ ఇంజను కోసేస్తరా?"

వేలు పెట్టి అంచును లోపలికి జరిపాను. నంబరు పోయింది, షెడ్డు పేరు పోయింది, ఖాళీ ఆకాశం పోయింది. పచ్చ జెండా దగ్గర ఆగాను.

"ఇంకా జరుపుండ్రి."

"ఇక్కడ నువ్వున్నావు. నువ్వు పోతావు రామనర్సయ్యా."

"పోని తియ్యుండ్రి. ఆమెను ఉండనియ్యుండ్రి."

జరిపాను. తెర మీద చెయ్యీ, గాజులూ, సద్దిగిన్నే మిగిలాయి. పెద్దది చేసి చూపిస్తే, గాజుల మీద చూపుడువేలు ఆనించి అలాగే కూర్చున్నాడు.

"ఇగ తారకు చెప్త సార్," అన్నాడు. "మీ అమ్మ నాకు అన్నం తెచ్చింది, నేను కసిరిన, అని చెప్త."