శుక్రవారం బౌలర్

మా టీములో అందరూ మంచివాళ్లే. ఆ మాట ముందే చెప్పేస్తే ఇక తిట్టడానికి నాకు అడ్డుండదు.

కువైట్‌లో, అహ్మది అనే ఊళ్లో, ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్‌లో నా ఉద్యోగం. పొద్దున కంపెనీ బస్సెక్కితే సైటు చేరేదాకా ముప్పావుగంట. పోయిన చలికాలం రెండు వారాలపాటు ఆ ముప్పావుగంటా బస్సులో ఒకటే రచ్చ. ఫస్ట్ పిక్ ఎవరు?

ఇక్కడ మన తెలుగువాళ్లు ఆడుకునే టెన్నిస్ బాల్ క్రికెట్ లీగులో ఎనిమిది టీములున్నాయి. సీజన్ మొదలయ్యే ముందు, ఏ టీములోనూ లేకుండా అక్కడక్కడా ఆడుతున్నవాళ్ల పేర్లన్నీ కెప్టెన్లు ఒక జాబితాగా రాసుకుంటారు. ఒక గురువారం సాయంత్రం హోటల్లో కూర్చుని వంతులవారీగా ఎంచుకుంటారు. అంతకుముందు ఏడాది అట్టడుగున నిలిచిన టీముకి మొదటి వంతు. ఆ ఘనత మాదే. చిత్తుగా ఓడినందుకు దక్కిన వంతు చూసుకుని మావాళ్లు కప్పు గెలిచినంత సంబరపడ్డారు. సిగ్గు లేకపోవడం కూడా ఒక సుఖమే.

జాబితాలో గట్టివాళ్లు ఇద్దరే. ఒకతను కాకినాడ వైపు ఇంజనీరు. ఓపెనింగ్ బ్యాటింగ్ చేస్తాడు. సొంత కిట్టు, సొంత కారు, శుక్రవారం శనివారం సెలవు. రెండో అతను మా రాయచోటి మనిషి, ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ముప్పై దాటి ఉంటాయి. చెప్పులు విప్పేసి, వట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చి అతను వేసే యార్కరు నేను చూశాను. బ్యాటు కిందికి దిగేలోపల వికెట్లు లేచిపోతాయి. ఎక్కడా నేర్చుకున్నది కాదు. చూస్తే కడుపు నిండే బౌలింగు.

అతను ఆడేది శుక్రవారం జుమ్మా నమాజు తర్వాతే. ఆ ఇంటివాళ్లు ప్రతి శుక్రవారం భోజనానికి ముబారక్ అల్ కబీర్‌లో ఉన్న పెద్దావిడ, యజమాని తల్లి, ఇంటికి వెళ్తారు. వాళ్లను అక్కడ దించాక, మూడు గంటల వేళ అసర్ నమాజు దాకా అతనికి పని ఉండదు. ఆ సందులో గ్రౌండుకి వచ్చి, ఏ టీములో మనిషి తక్కువైతే ఆ టీముకి నాలుగు ఓవర్లు వేసి వెళ్లిపోయేవాడు.

"బౌలింగు గురించి కాదండీ బాబూ," అనేవాడు మా కెప్టెన్. గోదావరి మనిషి, బస్సులో ముందు సీటు ఆయనదే. "శుక్రవారం వస్తాడా, రాడా? అది చెప్పండి ముందు. ఇళ్లల్లో పనిచేసేవోణ్ణి నమ్ముకుని ఫస్ట్ పిక్ తగలేసుకుంటామా?"

దానికి సాక్ష్యంగా అందరూ ఒకే కథ చెప్పేవాళ్లు. ఒకసారి ఓవర్ మధ్యలో అతని ఫోను మోగింది. ఇంటి యజమానురాలు, పనివాళ్లు మామా అని పిలిచే ఆవిడ. అతను బంతి అంపైరు చేతిలో పెట్టి పరుగున వెళ్లి కారెక్కాడు. ఆ పరుగు అనుకరించి చూపించేవాడొకడు, పగలబడి నవ్వేవాళ్లు పదిమంది.

"నవ్వుతారేంది బ్బా?" అని నేను లేచాను. "ఆ ఓవర్లో మూడు బంతులకే ఇద్దర్ని అవుట్ చేసి పోయినాడు. అది చెప్పరేం?"

ఎవరు వింటారు? సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు అతన్ని చూశారు. రంజాన్‌లో ఉపవాసముండి బౌలింగ్ వేయగలడా? ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎప్పటిదాకా ఉంది? ఊరికి సెలవు మీద పోతే సెమీఫైనల్‌కి తిరిగొస్తాడా? ఆ మామా మంచిదా, గయ్యాళిదా? ఇంజనీరు గురించి ఇన్ని ప్రశ్నలు ఒక్కడు కూడా వేయలేదు. అతని బ్యాటింగు సగటు ఎంత అన్నారు, ఊరుకున్నారు. నాకు ఎక్కడ కాలాలో అక్కడే కాలింది.

చివరికి ఒక పొద్దున కెప్టెన్ తేల్చేశాడు. "ఎందుకండీ ఈ గోల? అతనికి వీసా ఇచ్చిన కఫీల్‌నే అడిగేస్తే పోలా? మీకు అరబ్బీ బాగా వచ్చు కదా."

ఆ చివరి మాటకి పడిపోయాను నేను. పైగా నేను స్టోర్ మనిషిని. సంతకం లేకుండా ఒక బోల్టు కూడా బయటికి పోనివ్వను. పెద్దవాళ్లని అడిగి, ఒప్పించి, దర్జాగా చేసేదే పద్ధతి అని నా బుర్రకి అలవాటైపోయింది. "యల్లా, నేనే పోతా," అన్నాను. "ఆయన సరే అంటే మళ్లీ ఒక్కడు నోరెత్తగూడదు."

శనివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎగైలా వెళ్లాను. అతను పిల్లల్ని ట్యూషన్‌కి తీసుకుపోయిన సమయం. ఇంటి పెద్ద, వాళ్లు బాబా అని పిలిచే ఆయన, గేటు దగ్గరే ఉన్నాడు. నన్ను కూర్చోబెట్టి ఖర్జూరం, చిన్న కప్పులో గహ్వా కాఫీ ఇచ్చాడు. నేను నా అరబ్బీ అంతా బయటికి తీశాను. మీ డ్రైవరు లాంటి బౌలరు ఈ చుట్టుపక్కల లేడన్నాను. ఇన్నాళ్లూ వచ్చినట్టే ఇకమీదట కూడా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పంపమని మర్యాదగా అడిగాను.

ఆయన నవ్వాడు. "ప్రతి శుక్రవారం వస్తాడా?" అన్నాడు.

"ప్రతి శుక్రవారం," అన్నాను, గర్వంగా.

"ఏ కారులో?"

గహ్వా కప్పు కింద పెట్టాను. మా అమ్మ ఇంటి గేటు దగ్గర ఉండాల్సిన కారు అది, అని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఏదైనా ప్రమాదం జరిగితే ఎవరి మీద పడుతుంది, అని అడిగాడు. అరవలేదు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కారు ఆయనది, పూచీ కూడా ఆయనదే. నన్ను వీధి చివరి దాకా సాగనంపి వెళ్లాడు. అప్పుడు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల్సింది.

ఆ వచ్చే శుక్రవారం నుంచే అతని ఆట ఖలాస్. కుటుంబాన్ని దించగానే తాళంచెవి బాబా జేబులోకి వెళ్తుంది.

మర్నాడు, ఆదివారం, బస్సులో బాబా అన్న సంగతి చెప్పాను. తల దించుకుని చెప్పాను. కెప్టెన్ సీట్లోంచి వెనక్కి తిరిగి, "పోన్లెండి, మంచిదే అయింది! ముందే తెలిసింది. లేపోతే ఫస్ట్ పిక్ బూడిదలో పోసేవోళ్లం," అన్నాడు. అవునవునని బస్సంతా తలలూపింది. ఒక మనిషికి వారానికి ఉన్న రెండు గంటలు పోతే, వీళ్లకి మిగిలిన లెక్క ఇదా! నేను తిట్టిన తిట్లకి బస్సు డ్రైవరు బండి పక్కకి తీసి ఆపాడు. దిగిపోయి, సైటు దాకా తక్కిన దారి నడిచే పోయాను. అది కూడా పౌరుషమే అనుకున్నాను, వెధవని.

ఇంజనీరునే తీసుకున్నారు. బాగా ఆడాడు. మొదటి రెండు మ్యాచులూ గెలిపించాడు. అతని మీదా నాకు కోపమే, పాపం, అతను చేసిందేమీ లేకపోయినా.

మూడో శుక్రవారం నేను మ్యాచ్ మానేసి ముబారక్ అల్ కబీర్ వెళ్లాను. పెద్దావిడ ఇంటి గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ నాకిచ్చి, తను మెట్టు మీద కూర్చున్నాడు.

"మ్యాచ్ ల్యాదా అన్నా ఈ పొద్దు?"

"ఉంది. తప్పు నాది తమ్ముడూ. నీ మంచికే అనుకొని పోయినా."

"తెలుసులే అన్నా." కాసేపు మట్టిలో వేలితో గీతలు గీశాడు. "రెండు వారాలు నా గురించే మాట్లాడుకున్యారంట గదా బస్సులో."

"అవును."

"ఒక్కరన్నా నాకు ఫోన్ చేసింటే చెప్తాంటి గదన్నా, నన్ను ఏ టీములోనూ పెట్టుకోవద్దండని. పేరు పడితే నలుగురికీ తెలుస్తుంది. ఎవురికి మనిషి తక్కువైతే వాళ్లకి నాలుగోవర్లేసి, ఎవురికీ తెలీకుండా వచ్చేస్తాంటి. నాకు అదే చాలు. అట్లయితేనే అది జరుగుతుంది."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేవాణ్ణి. అతని తరఫున అంతమందితో కొట్లాడిన నా దగ్గర కూడా అతని నంబరు ఉంది. ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా నొక్కలేదు.

అసర్ అజాన్ వినిపించింది. కాసేపటికి గేటు తెరుచుకుని బాబా బయటికి వచ్చాడు. తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. నన్ను గుర్తుపట్టి, ఆదరంగా సలాం చేసి, మీ ఆట ఎలా సాగుతోందని అడిగాడు.

"చాలా బాగుంది బాబా," అన్నాను, మంచి అరబ్బీలో. నవ్వాను కూడా.